బుధవారం నాటి సంతకం

చచ్చినవాడి కళ్ళు చారెడని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఆయన పోయిన తర్వాతి ఆదివారం కంప్యూటర్ తెర మీద సంతాప సభ పెట్టారు. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి, పేరు తెలియని దేశాల నుంచి కూడా మనుషులు చిన్న చిన్న గళ్ళలో కూర్చుని వరసగా ఒకటే కథ చెప్పారు. లోకమంతా చూసే చోట "ఈ తప్పు నాదే, ఆ మార్పు దాటించింది నేనే" అని సొంత పేరుతో రాసుకున్న మహానుభావుడు అని. అంత పెద్ద మనసు ఈ రోజుల్లో ఎవరికుంటుందని. ఒకాయనైతే ఆ వాక్యాన్ని చదివి వినిపించి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ వాక్యం ఆయన రాసిందే. నేను కాదనను. ఏ రోజు రాశాడన్నదే నా గొడవ. మ్యూట్ తీసి ఆ మాటే అడిగాను. "ఆ వాక్యం వచ్చేసరికి ఒక మనిషి ఉద్యోగం పోయింది, ఆ సంగతి కూడా చెప్పండి" అన్నాను. సభ నడిపే ఆయన, "మేడమ్, మీ నెట్ కట్ అవుతున్నట్టుందండి" అన్నాడు. నా నెట్‌కేం కాలేదు. సత్తెనపల్లికి కూడా ఫైబర్ వచ్చి చాలా కాలమైంది.

అక్కడ చెప్పనివ్వలేదు కనక ఇక్కడ చెబుతున్నాను. ఆయన మహానుభావుడు కాదు. మొండి మనిషి, భయస్థుడు కూడా. నాకు తెలిసినవాళ్ళలో అంత శ్రద్ధగా చదివేవాడు మాత్రం ఇంకొకడు లేడు. ఈ మూడూ ఒకే మనిషిలో ఉండకూడదని ఎవరన్నారు?

ముందు ఆయన పనేమిటో చెప్పాలి, లేకపోతే ఈ గొడవంతా గాలిలో ఉంటుంది. కంప్యూటర్లో అన్నిటికీ అడుగున ఉండి నడిపించే ప్రోగ్రాముని కెర్నెల్ అంటారు. అందులో ఎక్కడ కాలయాపన అవుతోందో కనిపెట్టడానికి ట్రేసింగ్ టూల్ ఒకటుంటుంది. అది ఉండుండి తొంగిచూసి, ఈ క్షణాన పని ఏ అడ్రసులో నడుస్తోందో రాసుకుంటుంది. అడ్రసంటే ఒట్టి అంకెలు, చూస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఆ అంకెలు ఏ ఫంక్షన్‌వో (ఫంక్షనంటే ప్రోగ్రాములో పేరు పెట్టిన ఒక ముక్క) వెతికి దాని పేరు చూపించాలి. దాన్నే సింబల్ లుకప్ అంటారు. ఆ వెతికే భాగానికి ఆయన కాపలాదారు. ప్రపంచంలో ఎవరు అక్కడ ఒక లైను మార్చాలన్నా, మార్పు రాసి అందరికీ కనిపించే మెయిలింగ్ లిస్టుకి పంపాలి. ఆయన చదివి, కొర్రీలు వేసి, అవన్నీ తీరాక కింద తన పేరు పెట్టాలి. ఆ పేరునే మేం సంతకం అనేవాళ్ళం. అది పడితే మార్పు లోపలికి వెళ్తుంది. జీతం లేని కాపలా. చేసేది అద్దంకిలో సొంత ఇంటి వసారాలో కూర్చుని, బనీనూ లుంగీతో.

వీధిలోవాళ్ళు ఆయన కంప్యూటర్లు రిపేరు చేస్తాడనుకునేవాళ్ళు. ప్రింటర్లూ, ఛార్జింగ్ ఎక్కని ఫోన్లూ తెచ్చిపెట్టేవాళ్ళు. కాదనకుండా విప్పేవాడు. ఒక్కటీ బాగయ్యేది కాదు. అయినా మళ్ళీ తెచ్చేవాళ్ళు. "తిప్పి ఇచ్చేటప్పుడు మరలన్నీ ఉంటాయమ్మా, అందుకే నమ్మకం" అనేవాడు.

నేను మొదటిసారి ఒక చిన్న మార్పు పంపినప్పుడు నా పేరూ ఊరూ చూసి ఫోన్ చేశాడు. పలకరింపేమీ లేదు.

"ఏవండీ, మీరు పంపిన మార్పు ఏమిటో కాస్త తెలుగులో చెబుతారా?"

"ఇంగ్లీషులో రాశానుగదండీ."

"చదివాను. ఇంగ్లీషులో ఎంతైనా రాయొచ్చండి. తెలుగులో అయితే మనకి అర్థమైనంత వరకే వస్తుంది. స్పీకర్లో పెట్టాను, మా ఆవిడ వింటోంది, ఆవిడకి చెబుతున్నట్టు చెప్పండి."

నాకు ఒళ్ళు మండింది. ఆడదాన్నని పరీక్ష పెడుతున్నాడనుకున్నాను. ఆ మాట అనేశాను కూడా. అవతల ఒక ఆడగొంతు నవ్వి, "లేదమ్మా, అందరికీ ఇదే బాధ. మొన్న బీహారు అబ్బాయికి కూడా పెట్టాడు, పాపం వాడికి తెలుగే రాదు" అంది. సరే అని చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కో ముక్కకీ అటునుంచి "ఊఁ" అని వినపడేది. ఒకచోట ఊ రాలేదు. నేను చెప్పుకుపోతుంటే ఆయన అందుకున్నాడు. "అక్కడ ఆగండి. అక్కడేదో దాటేశారు." దాటేశాను. లెక్క ఒకటి తప్పుతుందని నాకూ లోపల్లోపల అనుమానమే, ఎవరడుగుతారులే అని గబగబా నడిపించాను.

ఇదీ ఆయన పని తీరు. మనవైపు కథ చెప్పేవాడికి ఎదురుగా ఊ కొట్టేవాడుండాలి కదా, చిన్నప్పుడు ఊ ఆపితే మా నాయనమ్మ కథ ఆపేసేది. ఆయన దాన్ని కోడుకి పెట్టాడు. ఎవరు ఏ మార్పు పంపినా లైను తర్వాత లైను తెలుగులో పైకి చెప్పేవాడు. పిన్నిగారు (ఆయన్ని బాబాయిగారనీ ఆవిడని పిన్నిగారనీ పిలవడానికి నాకు నెల కూడా పట్టలేదు) గోరుచిక్కుడు ఈనెలు తీస్తూనో, పచ్చడికి పండుమిరపకాయల తొడిమలు తుంచుతూనో ఊ కొట్టేది. ఊ ఆగినచోట ఆయన కొర్రీ రాసేవాడు.

"మీకు ఆ కోడు ఎలా అర్థమవుతుంది పిన్నిగారూ?" అని ఒకసారి వాళ్ళింట్లో అడిగాను.

"నాకేం అర్థమవుద్దమ్మా, నా మొహం. ఈయన తెలిసి చెప్పేటప్పుడు గొంతు ఒకలా ఉంటది, తెలిసినట్టు నటించేటప్పుడు సన్నబడుద్ది. పెళ్ళిచూపుల్లో వంకాయ కూర ఇష్టమని చెప్పినప్పుడే కనిపెట్టాను. అక్కడ నాకు ఊ రాదు, అంతే."

"వంకాయ నాకు ఇష్టమే" అన్నాడాయన పక్కనుంచి.

ఆవిడ ఊ అనలేదు.

ఆయనకి ఇంకో పిచ్చి ఉండేది. పేరు. తెలియనిదానికి పేరు పెట్టడమంటే ఆయనకి పడదు. పిన్నిగారి పుట్టింటి వాటా కింద వచ్చిన మిరపచేనికి ఒకసారి నన్ను తీసుకెళ్ళాడు. ఆకులు ముడుచుకుని ఉన్నాయి. కౌలుకి చేసే రైతు, "నల్లి కదండీ, మందుల కొట్లో చెప్పారు" అన్నాడు. ఈయన ఆకు తిరగేసి మరగేసి, "నాకైతే తెలీదు" అన్నాడు. ఆ తెలీదు అనడంలో ఆయనకి అదొక రుచి, పెరుగన్నంలో ఆవకాయ నంజుకున్నట్టు. తిరిగొచ్చేటప్పుడు గట్టు మీద అన్నాడు.

"చూడమ్మాయ్, 'తెలీదు' అనే మందుల కొట్టు ఒక్కటి చూపించు. పేరు చెబితేగాని డబ్బా అమ్ముడుపోదు. వాడికి నల్లి పేరు దగ్గర్లో ఉంది, అది అంటించాడు. మన టూలూ అంతే. పేరు దొరక్కపోతే నోరు మూసుకుని అంకెలు చూపించాలి. పక్కవాడి పేరు అంటించకూడదు."

"అంకెలు చూపిస్తే ఎవరికేం లాభం బాబాయిగారూ?"

"లాభం లేదు. అన్యాయమూ లేదు."

పిన్నిగారు పోయాక కొన్నాళ్ళు లిస్టులో ఆయన కనిపించలేదు. తర్వాత ఒకరోజు మధ్యాహ్నం ఫోన్. "అమ్మాయ్, ఖాళీయేనా? కాస్త ఊ కొట్టాలి." అలా ఆ పని నా నెత్తిన పడింది. నా చేత ఊ కొట్టించడం ఎంత కష్టమో మా ఇంట్లోవాళ్ళని అడగండి. మొదటి లైనుకే అడ్డం పడేదాన్ని. "ఆవిడ ఊ కొట్టేది, నువ్వు నన్ను కొట్టేట్టున్నావు" అనేవాడు. అయినా పిలిచేవాడు. వీలైనంత మటుకు కొట్టాను. కానీ ఆవిడ విన్నదేదో నాకు వినపడేది కాదు. నేను కోడు వినేదాన్ని. ఆవిడ మనిషిని వినేది. ఆ తేడా ఆయనకి తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం పైకి అనుకోలేదు.

ఇక అసలు సంగతి. మా కంపెనీలో నాతోపాటు పనిచేసే సునీతది కనిగిరి. పిల్లాడు పుట్టాక కొన్నేళ్ళు ఇంట్లో ఉండిపోయి, మళ్ళీ చదువుకుని, కాంట్రాక్టు మీద చేరింది. ఆర్నెల్లకోసారి పొడిగించే ఉద్యోగం. భర్త బట్టలకొట్టు మూతపడ్డాక ఇంటికి అదొక్కటే ఆధారం. నెమ్మదైన పిల్ల, నాకు పూర్తిగా విరుద్ధం. మా మిషన్లు ఎందుకో నత్తనడక నడుస్తున్నాయని మేనేజరు ఆ ట్రేసింగ్ టూల్ పెట్టి చూశాడు. రంగు రంగుల పట్టీల బొమ్మ వచ్చింది. ఎవరు ఎక్కువ కాలం తింటే వాళ్ళ పట్టీ అంత వెడల్పు. అన్నిటికన్నా వెడల్పాటి పట్టీ మీద సునీత రాసిన ఫంక్షన్ పేరు. ఆ పేరు పక్కన ఆవిడ పేరు పెట్టుకోవడానికి ఎవరికీ ఎంతోసేపు పట్టలేదు. సోమవారం మీటింగులో కాంట్రాక్టు సంగతి తేలుస్తామన్నారు.

"అక్కా, నేను ఎన్నిసార్లు చూసుకున్నా నా దాంట్లో ఏమీ కనపడట్లేదు. నాకు కనపడట్లేదంటే నాకు రాదనే కదా?" అని సునీత ఫోన్లో అడిగింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఆ పట్టీ వెనకున్న అడ్రసుల అంకెలు నేను తీసి చూశాను. అవి సునీత ఫంక్షన్ లోపలివి కావు. అది అయిపోయాక, ఇంకా అవతల, పేరు లేని చోటువి. కంప్యూటరు నడుస్తుండగా అప్పటికప్పుడు తయారుచేసి పెట్టే కోడు ఒకటుంటుంది, దానికి పేరుండదు. మన పొలాల లెక్కన చెప్పాలంటే ఇలా ఉంది వ్యవహారం. ఒక ఆసామి చేను అయిపోయింది, గట్టు దాటాం, వాగులో దిగాం. ఇదెవరి చేనయ్యా అంటే, వెనక వదిలేసి వచ్చిన ఆసామి పేరే చెబుతోంది టూలు. చేను ఎక్కడ మొదలైందో చూస్తోందిగానీ ఎక్కడ అయిపోయిందో చూడట్లేదు.

దాన్ని సరిచేసే మార్పు, అదే ఫిక్సు, నేను రాశాను. హద్దు దాటితే పేరు చెప్పకుండా అంకెలు చూపించమని. పంపిన రోజే ఆయన కొర్రీ వచ్చింది. పాతకాలం ఫంక్షన్లు కొన్నిటికి హద్దు ఎక్కడా రాసి ఉండదు, నీ మార్పుతో వాటికి ఉన్న పేర్లు పోతాయి. "హద్దురాయి లేనంత మాత్రాన చేను లేకుండా పోదు కదమ్మాయ్." నిజమే. సరిచేశాను. హద్దు రాసిలేని వాటికి తర్వాతి పేరు మొదలయ్యేచోటే హద్దనుకోమన్నాను. ఇంకో కొర్రీ, అదీ తీర్చాను. గురువారానికి అన్నీ తీరాయి. సంతకం రాలేదు. ఫోన్ ఎత్తలేదు.

శుక్రవారం పొద్దున్నే నరసరావుపేట మీదుగా బస్సు పట్టుకుని అద్దంకి వెళ్ళాను. కోతల కాలం. రోడ్డు పక్కన కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, బస్సులో తుమ్మనివాడు పాపాత్ముడు. నేను దిగేసరికి ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు. లాప్‌టాప్ మూత మీద పిన్నిగారు దసరాకి పెట్టిన పసుపు బొట్టు సగం చెరిగి ఉంది. ఆవిడ పీట గోడవార అలాగే ఉంది.

"అన్నం తిన్నావా?"

"మీ సంతకం తిందామని వచ్చాను."

నవ్వలేదు. "కూర్చో" అని నా ఫిక్సు తెరిచి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఊ కొట్టాను. వెంటనే ఆపేశాడు.

"నువ్వు కొట్టకూడదు. రాసిందీ నువ్వే, ఊ కొట్టేదీ నువ్వేనా?"

"ఇంకెవరున్నారు బాబాయిగారూ ఇక్కడ?"

"అదేగా నేననేది."

"కొర్రీలన్నీ తీరాయా లేదా?"

"తీరాయి."

"ఇంకా తప్పు కనపడుతోందా?"

"కనపడట్లేదు. కనపడకపోవడం, లేకపోవడం ఒకటి కాదమ్మాయ్. నా గొంతు నాకు వినపడట్లేదు."

సోమవారం సంగతి చెప్పాను. సునీత సంగతి, కొట్టు మూతపడ్డ సంగతి, అంతా. కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత ఆయన చెప్పింది నేనెప్పుడూ వినలేదు. పూర్వం ఆ చోట హద్దు చూసే లైను ఉండేదట. ఎవరో వేగం కోసం దాన్ని తీసేసే మార్పు పంపారు. రేపే కొత్త కెర్నెల్ విడుదల, ఈ రోజే కావాలని బతిమాలారు. పిన్నిగారు చెల్లెలి కాన్పుకి వెళ్ళింది. ఈయన ఎవరికీ చదివి వినిపించకుండా సంతకం పెట్టేశాడు.

"అంటే ఈ తప్పు లోపలికి వచ్చింది మీ చేతిమీదుగానే."

"నా చేతిమీదుగానే. తొందరపడితే ఏమవుతుందో చూశావుగా. మళ్ళీ అదే చెయ్యమంటున్నావు."

"మీ తొందరకి శిక్ష సునీతకెందుకండీ?"

నేను ఊరుకోలేదు. "పోనీ ఫిక్సు మీద సంతకం వద్దు. ఇప్పుడు నాతో అన్న మాటే లిస్టులో రాయండి. పాత మార్పు తప్పు, టూల్ అక్కడ చూపించే పేరు నమ్మొద్దు, అది దాటించింది నేను, అని. ఒక్క వాక్యం. అది పట్టుకుని మా వాళ్ళకి చూపించుకుంటాను."

"ఫిక్సు ఒప్పని తేలకుండా పాతది తప్పని ఎలా రాస్తాను?"

"తేలనిది ఫిక్సు. పాతది తప్పని మీ నోటితో ఇప్పుడేగా అన్నారు."

ఆయన లేచి దండెం మీద బట్టలు తీయడానికి వెళ్ళాడు. ఎండ మంచి పట్టు మీద ఉంది, బట్టలు తీయాల్సిన పనేం లేదు. వెనకాలే వెళ్ళి, "పిన్నిగారుంటే ఇప్పుడు ఊ అనేది కాదు" అన్నాను. అన్నాను, ఇప్పటికీ అంటాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, "అవును" అన్నాడు. అంతే. తర్వాత నాకు అన్నం పెట్టాడు. దొండకాయ వేపుడు మాడిపోయింది. అయినా ఇద్దరం తిన్నాం.

సోమవారం మీటింగులో నేను నోరు చేసుకున్నాను. టూల్ పొరపాటు, ఆ పేరు తప్పు అన్నాను. మేనేజరు సాధుజీవి, గొంతు పెంచడు. "ఫిక్సు యాక్సెప్ట్ అయిందా మేడమ్?" అన్నాడు. రివ్యూలో ఉందన్నాను. "అయితే వాళ్ళే ఇంకా ఒప్పుకోలేదన్నమాట" అన్నాడు. సునీత కాంట్రాక్టు పొడిగించలేదు.

బుధవారం ఆయన సంతకం వచ్చింది. రెండు వాక్యాలు. ఒకటి, ఈ మార్పు చూశాను, సరిగా ఉంది. రెండోది సభలో అందరూ కళ్ళు తుడుచుకున్న వాక్యం. పాత మార్పు తప్పు, దాన్ని దాటించింది నేనే. కింద పేరు. ప్రపంచం నలుమూలల నుంచి చప్పట్లలాంటి ఉత్తరాలు. నేను చేసిన మొదటి పని, ఆయన ఒప్పుకున్న ఫిక్సునీ నేను గురువారం పంపినదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం. ఒక్క అక్షరం తేడా లేదు. అదంతా కాగితం మీద తీసుకుని మా మేనేజరు దగ్గరికి వెళ్ళాను. "అయ్యో, అలాగా" అన్నాడు. సునీత చోటులో అప్పటికే ఇంకొకరిని చూసుకున్నారు.

ఫోన్ చేశాను. ఈసారి ఎత్తాడు.

"ఏం మారింది బాబాయిగారూ?"

"ఏం మారలేదమ్మాయ్."

"మరి శుక్రవారం ఎందుకు పెట్టలేదు?"

"అప్పుడు తెలీదు."

"ఇప్పుడేం తెలిసింది?"

పక్క చేలో మందుకొట్టే ఇంజన్ మోత వినపడుతోంది. "పొయ్యి మీద పాలున్నాయి" అని పెట్టేశాడు. చేలో నిలబడి ఉన్న మనిషికి పొయ్యి ఎక్కడిది?

ఆ తర్వాతా మాట్లాడుకున్నాం. నేను పౌరుషానికి పోయి మానేయలేదు, పోట్లాడటానికైనా మనిషుండాలి కదా. ఊ కొట్టమంటే కొట్టాను. కానీ ఆ ప్రశ్న దగ్గరికి వస్తే చాలు, వానల సంగతో, ఎవరో ప్రింటరు తెచ్చిన సంగతో ఎత్తుకునేవాడు. మెల్లగా లిస్టులో కొర్రీలు తగ్గాయి. కాపలా ఇంకొకరికి అప్పజెప్పాడు. ఇక ఫోన్లు వాన గురించే.

పోయాడని తెలిసి అద్దంకి వెళ్ళేసరికి వసారా నిండా చెప్పులు. వీధివాళ్ళు వచ్చారు, ప్రింటర్లవాళ్ళు. మూలన సునీత కూర్చుని ఉంది. కనిగిరి నుంచి వచ్చిందట. నాకు నిజంగా కోపం వచ్చింది.

"నువ్వెందుకొచ్చావే ఇంత దూరం?" అన్నాను.

"అలా అంటావేంటక్కా. రాకుండా ఎలా ఉంటాను?"

"నీ ఉద్యోగం పోతుంటే చూస్తూ కూర్చున్న మనిషికి."

సునీత నన్ను బయటికి, కొళాయి దగ్గరికి తీసుకొచ్చింది. "నీకు చెప్పలేదు. ఆ మీటింగుకి ముందు శనివారం నాకు ఫోన్ చేశారు. నా చేతే ఫంక్షన్ మొత్తం పంపించుకుని తెరిచి పెట్టుకున్నారు. ఒక్కో లైనూ తెలుగులో నాకే చెప్పారు, నేను ఊ కొట్టాను. మొదట్నుంచి చివరి దాకా. అయిపోయాక, 'ఇందులో తప్పు లేదమ్మా, శుభ్రంగా రాశావు, నీది కాదు' అన్నారు. మన కంపెనీలో అందరూ ఆ పట్టీ మీద పేరు చదివారక్కా. నేను రాసింది చదివింది ఆయనొక్కరే."

నాకు మాట రాకపోవడం అరుదు కాబట్టి సునీత నా చెయ్యి పట్టుకుంది.

"అంటే శనివారానికే తెలుసా ఆయనకి?" అన్నాను చివరికి.

"తెలుసు."

"ఆ మాటే మన వాళ్ళకి రాయమని అడగలేదా?"

"అడగలేదు. ఆయనకి తెలిసింది చాలనిపించింది ఆ పూటకి."

"అది చాలదే పిచ్చిదానా. కూడు పెడుతుందా అది?"

"పెట్టదు" అంది సునీత. ఇప్పుడు కనిగిరిలోనే ఒక కంప్యూటర్ సెంటర్లో పిల్లలకి చెబుతోంది. వచ్చేదెంతని నేనడగలేదు, తను చెప్పలేదు. "ఆ ఫోన్ తర్వాతే కదా, మళ్ళీ కోడు ముందు కూర్చోగలిగాను. లేకపోతే నాకు రాదనే అనుకుని ఉండేదాన్ని. పోయినాయన మీద ఇంకా ఎందుకక్కా?"

ఎందుకంటే, సునీత మంచిది, నేను కాదు. ఆవిడ వదిలేసిన లెక్క నేను వదలను. ఆయన పోయాడని నాకు ఏడుపు రాలేదనుకోకండి. తిరుగు బస్సులో సంతమాగులూరు దాటేదాకా కళ్ళ మీంచి కొంగు తియ్యలేదు, మిరపకళ్ళాల ఘాటనుకున్నారు పక్కవాళ్ళు. ఫోన్‌లో ఆయన నంబరు ఇంకా ఉంది. మధ్యాహ్నాలు కూర తరుగుతుంటే, ఎవరో ఏదో చెబుతున్నట్టూ నేను అడ్డం పడబోతున్నట్టూ ఉంటుంది. అవతల ఎవరూ ఉండరు.

కానీ ఏడ్చినంత మాత్రాన అడగకూడదనేముంది. గొంతు వినపడట్లేదు అన్నాడు, ఒప్పుకుంటాను. పిన్నిగారు లేక ఫిక్సు మీద నమ్మకం చాల్లేదన్నాడు, అదీ ఒప్పుకుంటాను. ఫిక్సు పక్కన పెడదాం. నేను శుక్రవారం అడిగింది ఫిక్సు మీద సంతకం కాదు, ఆ రెండో వాక్యం. శనివారానికి సునీత తప్పు లేదని ఆయనకి రూఢిగా తెలుసు. పాత మార్పు తప్పని అంతకుముందే తెలుసు. ఆ వాక్యానికి ఊ కొట్టేవాళ్ళు అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు. సోమవారం లోపల రాసి ఉంటే ఒక మనిషి బతుకు నిలబడేది. బుధవారం రాశాడు, గొప్పవాడయ్యాడు.

తెలియని చోట ఎవరి పేరూ అంటించకూడదని జీవితమంతా కాపలా కాసిన మనిషి, తెలిసిన ఆ ఒక్కచోట అన్ని రోజులు ఎందుకాగాడు, అక్కడ రాయాల్సిన పేరు తనది కావడం వల్లేనా?